చూపు లేకున్నా వేగాన్ని అదుపు చేసిన టీటర్

కాళేశ్వరం వద్ద గోదావరి వంతెన దాటి సిరొంచ చేరే దూరప్రయాణపు మోటారు సైకిళ్లలో కొన్నింటికి క్రూయిజ్ కంట్రోల్ ఉంటుంది. యాక్సిలరేటర్‌ను పట్టి ఉంచకున్నా బండి ఒకే వేగంతో సాగుతుంది.

ఈ సాధనానికి ఆద్యుడు అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్. 1890లో ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. ఐదేళ్ల ప్రాయంలో ఒక కంటికి తగిలిన గాయం రెండో కంటి చూపునూ హరించింది. అయినా 1912లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. చేతి స్పర్శే ఆయనకు కన్నయింది.

మాటల్లో పడి కారును ఒకసారి వేగంగా, మరోసారి నెమ్మదిగా నడిపే న్యాయవాది మిత్రుని పక్కన కూర్చుని విసిగి, ఈ పరికరానికి పూనుకున్నారని చెబుతారు. నిర్ణీత వేగం చేరగానే యాక్సిలరేటర్ పెడల్ పాదాన్ని ఎదురునెట్టేది. చూపు లేనివాడికే తట్టవలసిన ఉపాయం! 1950లో పేటెంట్ లభించింది. 1958 నమూనా క్రైస్లర్ కార్లలో అది చోటు చేసుకుంది. బ్రేకు నొక్కితే విడిపోయే ఈ సదుపాయం, పశువులు అడ్డొచ్చే సిరొంచ అడవిదారిలో వాడదగినది కాదు.

టీటర్ 1982లో కన్నుమూశారు.