ఆంపియర్ గారింట్లో ఉన్న కుర్రాడు

ల్యాబ్‌లో అమ్మీటర్ ముందు నిలబడ్డ ప్రతిసారీ మనం తలుచుకునే పేరు ఆంపియర్. ఫ్రాన్సులోని లియోన్ ఆయన సొంతూరు. పారిస్‌లో స్థిరపడ్డ ఆ శాస్త్రవేత్త ఇంటికి 1831 చివర్లో లియోన్ నుంచే ఓ పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు. లా చదవడానికి పారిస్ చేరి, దిగిన చోటు నచ్చక దిగులుగా ఉన్నాడు. మర్యాదకి పలకరించి పోదామని వస్తే, ఆంపియర్ గారు తమ ఇంట్లోనే ఉండిపొమ్మన్నారు. ఆ కుర్రాడు ఫ్రెడరిక్ ఓజనామ్.

అతను పుట్టింది 1813 ఏప్రిల్ 23న, ఇటలీలోని మిలాన్‌లో. పెరిగింది మాత్రం లియోన్‌లో. తండ్రి డాక్టరు, పేదలకి డబ్బు తీసుకోకుండా వైద్యం చేసేవాడు. లియోన్ అంటే పట్టు మగ్గాల ఊరు. పక్కనే పొందూరు ఉన్న మనకి నేతగాడి బతుకు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1831 నవంబరులో అక్కడి నేతగాళ్లు నేత కూలికి కనీస రేటు కావాలని తిరగబడ్డారు, సైన్యం దిగి అణిచేసింది. మరుసటి ఏడాది పారిస్‌లో కలరా వచ్చి వేలమంది పోయారు. ఓజనామ్ కాలేజీ రోజులు ఈ రెండింటి మధ్యే మొదలయ్యాయి.

పారిస్‌లో అతను ఎక్కువగా తిరిగింది మన క్లబ్ లాంటి ఒక విద్యార్థి సంఘంలో. చరిత్ర, సాహిత్యం, మతం, ఏదైనా అక్కడ చర్చకి వచ్చేది. ఇమ్మాన్యుయేల్ బాయీ అనే పత్రికా సంపాదకుడు వాళ్లకి పెద్దదిక్కు. ఓజనామ్ కేథలిక్, మాటకారి. ఒకరోజు అతను క్రైస్తవం లోకానికి చేసిన మేలు గురించి గట్టిగా వాదిస్తుంటే, అవతలి పక్షం కుర్రాడు ఒకే ప్రశ్న వేశాడు. ఒకప్పుడు చేశారు సరే, ఇప్పుడు మీరు పేదలకి ఏం చేస్తున్నారని.

దీనికి ఓజనామ్ దగ్గర జవాబు లేదు. అతని స్నేహితుల దగ్గరా లేదు. ఇంకో డిబేట్ పెట్టి గెలవొచ్చు. వాళ్లు అలా చెయ్యలేదు. 1833 ఏప్రిల్ 23న, అంటే ఓజనామ్‌కి సరిగ్గా ఇరవై ఏళ్లు నిండిన రోజున, ఆరుగురు విద్యార్థులు బాయీ గారి పత్రికాఫీసులో కూర్చున్నారు. వారం వారం కలవాలి, పేదల ఇళ్లకి స్వయంగా వెళ్లాలి అనుకున్నారు. అనుకోవడం బాగానే ఉంది గానీ ఎవరింటికి వెళ్లాలో, ఏం ఇవ్వాలో ఒక్కరికీ తెలీదు.

ఆ దారి చూపించింది రోజలీ రాండ్యూ అనే సిస్టర్. పారిస్‌లో అందరికన్నా పేదలుండే ముఫ్తార్ పేటలో ఆమె ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఏ గుమ్మం ఎలా ఎక్కాలో, లోపలికెళ్లి ఎలా కూర్చోవాలో ఆమెకి తెలుసు. కుర్రాళ్లకి కుటుంబాలు అప్పగించింది. తర్వాత సంఘానికి అప్పటికి దాదాపు రెండు వందల యాభై ఏళ్ల కిందట పుట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ పేరు పెట్టుకున్నారు. పేదల సేవకే బతికిన ఫ్రెంచి ఫాదర్ ఆయన.

ఓజనామ్‌కి వచ్చిన మొదటి కుటుంబం కథ ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. ఐదుగురు పిల్లల తల్లి, తాగొచ్చి కొట్టే మగాడు. రొట్టెల చీటీ ఇచ్చేసి వచ్చేస్తే పని అయిపోయేది. కానీ మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల, వాళ్ల పెళ్లి చట్ట ప్రకారం జరగలేదని లా విద్యార్థికి అర్థమైంది. అంటే ఆమె అతనికి కట్టుబడి ఉండక్కర్లేదు. తన చదువుని ఆమె కోసం వాడి, ఆ నరకం నుంచి బయటపడేశాడు. చందాలు పోగేసి ఆమెని సొంత ప్రాంతానికి పంపించారు.

రెండేళ్లు తిరక్కుండానే సంఘం వందమంది దాటింది. చదువులో కూడా అతను వెనకబడలేదు. 1836లో లా డాక్టరేటు, 1839లో ఇటలీ కవి డాంటే మీద సాహిత్య డాక్టరేటు, 1844కల్లా సోర్బాన్‌లో పూర్తి ప్రొఫెసరు. క్లాసు అయ్యాక ఆయన పేదల ఇళ్లకి వెళ్లడం మాత్రం ఆగలేదు. అలా తిరగ్గా తిరగ్గా ఆయన ప్రశ్న మారింది. పేదవాడికి ఏం ఇద్దామన్న దగ్గర మొదలై, అసలు ఎందుకు పేదవాడయ్యాడన్న దగ్గరికి వచ్చింది. పనికి న్యాయమైన కూలి దక్కాలని లియోన్‌లో లెక్చర్లిస్తున్నప్పుడే చెప్పారు. 1848 విప్లవంలో పత్రిక పెట్టి అదే రాశారు. సొంత మతంలోని పెద్దలే చాలామంది కోప్పడ్డారు.

ఆరోగ్యం పాడై 1853 సెప్టెంబరు 8న మార్సెయ్‌లో పోయారు. వయసు నలభై. భార్య అమేలీ, ఎనిమిదేళ్ల కూతురు మారీ మిగిలారు. 1997లో పోప్ జాన్ పాల్ 2 పారిస్‌లో, ప్రపంచ యువజనోత్సవాలకి వచ్చిన కుర్రకారు మధ్యే ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు. ఆ ఆరుగురి సంఘం ఇప్పుడు దాదాపు 150 దేశాల్లో ఉంది. చాలా దేశాల కేథలిక్ స్కూళ్లలో పిల్లల బృందాలు ఆ పేరుతోనే వృద్ధుల ఇళ్లకీ, ఆకలి ఉన్న వీధులకీ వెళ్తుంటాయి.

మన వైపూ కేథలిక్ స్కూళ్లు పాతవే. ఓజనామ్ ఇంకా సోర్బాన్‌లో పాఠాలు చెబుతున్న 1846లో, ఫ్రెంచి మాట్లాడే సవాయ్ ప్రాంతం నుంచి మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. సెయింట్ అలోషియస్ స్కూలు వాళ్లు పెట్టిందే.

ఇప్పుడు సేవ మన సిలబస్‌లోకే వచ్చేసింది. ఎన్ఎస్ఎస్ ఉంది, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఎచ్చెర్ల చుట్టూ ఏ ఊరికెళ్లినా సర్వే ఫారం నింపొచ్చు, ఫొటో తీసుకోవచ్చు, క్రెడిట్లు వచ్చేస్తాయి. ఓజనామ్ కూడా మొదట ఒక ఎత్తిపొడుపుకి జవాబుగానే బయల్దేరాడు, కాబట్టి మనం క్రెడిట్ల కోసం బయల్దేరడం పెద్ద తప్పేం కాదు. తేడా అంతా రెండోసారి వెళ్లడంలో ఉంది. ఆ తల్లి సంగతి మొదటి రోజు ఏ ఫారంలోనూ పడేది కాదు. ఈ సెలవుల్లో మనం సర్వే చేసే ఇళ్లలో కనీసం ఒక్క ఇంటికి, ఫారం లేకుండా, ఇంకోసారి వెళ్లొద్దాం.