కాకినాడ చేరిన హాల్డేన్

నైట్రాక్స్ అంటే మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం. స్కూబా డైవర్లకు ఇది సుపరిచితం. ఆ అదనపు ఆక్సిజన్ లోతులో ఏం చేస్తుందో తన ఒంటి మీదే పరీక్షించుకున్న శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. డైవర్ల కోసం డీకంప్రెషన్ పట్టికలు తయారుచేసిన తండ్రి, పదమూడేళ్ల కొడుకును వదులు సూట్‌లో సముద్రంలోకి దింపారు. సూట్‌లోకి నీళ్లొచ్చినా కుర్రాడు బెదరలేదు.

1939లో థెటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. ఆ తర్వాతే హాల్డేన్ పీడన గదిలో ప్రయోగాలకు కూర్చున్నారు. ఒత్తిడి పెరిగితే ప్రాణవాయువే విషమై మూర్ఛ తెప్పిస్తుంది. అలాంటి ఒక మూర్ఛలో ఆయన వెన్నుపూసలు నలిగాయి. అది గది కాబట్టి బతికారు. నీటి అడుగున అయితే నోట్లోని రెగ్యులేటర్ జారిపోతుంది, ఇక మునకే. అందుకే 32 శాతం మిశ్రమంతో దాదాపు 33 మీటర్లు దాటి దిగరు. సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంతుందో డైవర్ స్వయంగా కొలుచుకోవాలి, చీటీని నమ్మితే చాలదు.

1957లో భారత్‌కు వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్లే.