మైకేల్ ఫారడే

ఎరిగిన శాస్త్రమును ఎరుగనివారికి బోధపడునట్లు చెప్పుట తన గౌరవమునకు కొఱతయని పండితుడు తలచుట అన్ని దేశములయందును గల జాడ్యమే. ఆ జాడ్యము సోకని మహనీయులలో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫారడే అగ్రగణ్యుడు.

1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత ఒక కమ్మరి యింట ఆయన జన్మించెను. బడిచదువు వ్రాతకును చిన్న లెక్కలకును మించలేదు. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పనికి కుదిరి, తాను కుట్టు గ్రంథములనే చదివి శాస్త్రరుచి మరిగెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములను విని, వాని సారమును పటములతో వ్రాసి, స్వహస్తముతో అట్టకట్టి ఆయనకు పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుడయ్యెను. 1831లో అయస్కాంతపు కదలికచే తీగయందు విద్యుత్తు పుట్టునని కనుగొనిన సంగతి లోకవిదితము.

వాగ్ధాటి ఆయనకు పుట్టుకతో అబ్బలేదు. పెద్దవాడైన పిదప గురువునకు రుసుమిచ్చి ప్రసంగకళ నేర్చుకొనెను. మాట వేగమైనచో కనబడునట్లు ‘మెల్లగా’ అని వ్రాసిన అట్టను ఎదుట నుంచుకొనెడివాడు. చేయి విడిచినచో రాయి క్రిందపడునని చెప్పవలసినను, విడిచి చూపియే చెప్పవలెనని ఆయన నియమము. మన ఉపన్యాసకులలో ఇట్టి అట్ట నుంచుకొనువారెందరు?

1827 మొదలు 1860 వఱకు పందొమ్మిది పర్యాయములు ఆయన బాలబాలికలకై క్రిస్మసు ఉపన్యాసము లిచ్చెను. కడపటిసారి, అఱువదితొమ్మిదవ యేట, ఎత్తుకొనిన విషయము క్రొవ్వొత్తి. గాజుగొట్టపు కొన నొకదానిని మంట నడుమ నుంచగా ఆవిరి వెలువడి రెండవ కొనను మండును; కావున మండునది మైనము కాదు, మైనపుటావిరి. చల్లని పాత్రను మంటపై పట్టగా దాని యడుగున నీటిబొట్లు నిలుచును. నిప్పునుండి నీరు! మండిన గాలిని సున్నపుతేటలో పోనిచ్చిన పాలవలె తెల్లబడును. మన ఊపిరి నూదినను అట్లే తెల్లబడును. దీపమునకు జరుగునదే దేహమునందును జరుగుచున్నదని పిల్లలు కన్నులార గాంచిరి. ఈ ఉపన్యాసములను విలియం క్రూక్సు 1861లో గ్రంథముగా వెలువరించెను.

ఆయనకు గణితము రాదు. అందుచే ఆయన బలరేఖల సిద్ధాంతమును గణితజ్ఞులు చిరకాలము శంకించిరి. మాక్సువెల్ దానిని గణితభాషలోనికి తెచ్చెను. 1857లో ఆ మాక్సువెల్‌కే ఫారడే లేఖ వ్రాసి, గణితజ్ఞులు తమ ఫలితములను గూఢలిపినుండి వాడుక మాటలలోనికి ఏల దింపరాదని ప్రశ్నించెను. ఇది చదువురానివాని నిష్ఠూరము కాదు; ప్రయోగశాలలో పనిచేయువానికి ఆ ఫలితములు కావలెను.

1862లో పాఠశాలల విచారణసంఘము ఎదుట ఆయన చెప్పినది ఇంతకంటె కఠినము. గ్రీకు లాటినులందు ఆరితేరిన పెద్దలు తన మాట గ్రహింపలేకపోవుటయు, సులభముగా వివరించిన ప్రయోగమును గ్రహింపలేని బాలుడు తనకు ఒక్కడును తటస్థింపకుండుటయు అచట నివేదించెను. కావ్యనాటకములతోనే విద్య ముగిసినదని యెంచు మాబోటివారికి ఇది చేదుమందే.

నైటు బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఆయన నిరాకరించెను. 1867 ఆగస్టు 25న హాంప్టను కోర్టునందు మరణించెను. హైగేటు శ్మశానమునందలి ఆయన సమాధిశిలపై పేరును, పుట్టిన గిట్టిన తేదీలును మాత్రమే చెక్కబడినవి.