రాచెల్ కార్సన్

ఏటేట భద్రాచలపు మన్యమునుండి కూలిజనము మిరపకాయలు కోయుటకై ఖమ్మము చేలకు వచ్చుట మనమెఱిగినదే. అట్టివారి క్షేమమునకై కలము పట్టిన అమెరికా విదుషీమణి రాచెల్ కార్సన్. ఈమె 1907లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, జీవశాస్త్రమభ్యసించి, ప్రభుత్వోద్యోగము చేసెను. పురుగుమందుల కీడును వెల్లడించు గ్రంథమును 1962లో ప్రకటించెను. అందలి పక్షుల మాటనే లోకము తలచును గాని, కూలీల గోడును అందున్నది. పారాథియాను చల్లిన రెండు వారములకు పిమ్మటను, కాలిఫోర్నియాలో నారింజలు కోసినవారు ఆకులనంటిన విషముచే తీవ్రముగా జబ్బుపడిరి. అట్టి మందు చర్మముగుండ లోనికేగి నరములను చెఱచును. చల్లినవానినే కాదు, కోయువారినిని విడువదు. మందుల వ్యాపారులు ఆమెను మిక్కిలి దూషించిరి. రాచపుండుతో బాధపడుచునే ఆమె 1963లో సెనేటు సంఘమునెదుట సాక్ష్యమిచ్చి, 1964 ఏప్రిల్ 14న కన్నుమూసెను. అమెరికాలో పంటలపై డి.డి.టి. వాడుకను 1972లో నిషేధించిరి. మన దేశమున ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు నిలిపివేసినది 2011లో.