మన మాటలను పోగుచేసిన దొర

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 2:1–11



మీరు నన్ను పాదిరిగారని పిలుచుచున్నారు. ఆ మాట పోర్చుగీసు ఓడలతో వచ్చినది. అల్మారా, అనాసపండు కూడ అట్లు వచ్చినవే. జిల్లా, తహసీలు, జమాబందీ అనునవి నవాబుల కచేరీలనుండి వచ్చెను. కలెక్టరు, కోర్టు, రైలు ఇంగ్లీషువారితో వచ్చెను. సరకులు వచ్చిన త్రోవనే మాటలును వచ్చును. ఈ సంగతిని శ్రద్ధగా కనిపెట్టిన ఒకాయన మన కడపలో కాపురముండెను. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టెను. తండ్రి డేవిడ్ బ్రౌను అక్కడ దైవసేవకుడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరెను. చార్లెస్ అక్కడ కుంపిణీవారి కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో మదరాసున ఓడ దిగెను. వెలగపూడి కోదండరామ పంతులు గారియొద్ద తెలుగు నేర్చుకొని, 1820లో ఉద్యోగముమీద కడపకు వచ్చెను.

కుంపిణీవారు తమ దొరలకు తెలుగు ఎందుకు నేర్పించిరి? 1800లో నైజాము కడప మొదలగు దత్తమండలములను వారికప్పగించెను. శిస్తు వసూలు చేయవలెనన్నను, తగవు తీర్చవలెనన్నను రైతు మాట తెలియవలెను గదా. మన ప్రత్తి, నీలిమందు ఓడలకెక్కెను. ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చి మన నేతగాండ్ర కూడు తీసెను. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలిని అమ్మకమునకు తేగా, క్రమముగా మన నీలిమందు తొట్లు ఎండిపోయెను. తన చేనిలో ఏ పంట నిలుచునో సముద్రమునకు అవతల నిర్ణయమగుట ఎంత పరాధీనము!

పంటకంటె ముందే మన పుస్తకములకు కష్టకాలము వచ్చియుండెను. కావ్యములు తాటాకులమీద పురుగుల పాలగుచుండగా, తిరిగి వ్రాయించువారు కొరవడిరి. బ్రౌను దొర వేమన పద్యములను వెదకి, ఇంగ్లీషు అర్థముతో 1829లో అచ్చువేయించెను. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్యగారు మొదలగు పండితులకు జీతములిచ్చి పోషించెను. వారు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్ది, కాగితముమీద శుద్ధప్రతులు వ్రాసిరి. ఇందుకై దొర అప్పులపాలయ్యెను.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. పండితులు నీచమని త్రోసివేసిన పల్లెమాటలకును ఆయన అందులో చోటిచ్చెను. 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువరించి, పరభాషలనుండి వచ్చి తెలుగులో కలిసిన మాటలను వివరించెను. పిమ్మట ఇంగ్లండు వెళ్లి, లండనులో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న కన్నుమూసెను. ఆయన బంగళా ఉండిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన, నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది.

అయితే ఒక మాట మరువరాదు. ఆ దొర జీతము మన రైతు కట్టిన శిస్తులోనిదే. తీసికొన్న దానిలో కొంతయైనను ఆయన పుస్తకములుగా తిరిగి ఇచ్చెను. అందుకు కృతజ్ఞులమే. కాని మన పెట్టెలోని సొమ్మును పొరుగువాడు వచ్చి లెక్కపెట్టువరకు మనము ఊరకుండుట మనకు గౌరవమా?

ప్రియులారా, పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన సొంత భాషలోనే దేవుని గొప్ప కార్యములను వినెను. దేవుడు ఏలువారి భాషనొక్కదానినే ఎన్నుకొనలేదు. మన గుంటక, గొర్రు, జడ్డిగము ట్రాక్టరు వచ్చినందున మూలబడినవి. కపిల అను మాట మోటారు పంపు వచ్చినందున మరుగైనది. క్రొత్త పనిముట్టును, క్రొత్త మాటను తీసికొనుట పాపము కాదు. అయితే మొన్న ఒక పిల్లవానిని గుడిలో పాఠము చదువుమనగా, వాడు తెలుగు అక్షరములు కూడబలుకుకొని తలవంచెను. సెల్‌ఫోనులో మాత్రము తెలుగును ఇంగ్లీషు అక్షరములతో చకచక వ్రాయును. ఆ తప్పు వానిది కాదు, మనది.

కాబట్టి ఈ మాసము ప్రతి రాత్రి భోజనమైన తరువాత, ఇంటిలో ఒక బిడ్డచేత ఒక అధ్యాయము బిగ్గరగా చదివించుడి. అవ్వ తాతలు మరచిపోకముందే వారి సేద్యపు మాటలను ఒక నోటుపుస్తకములో వ్రాయించుడి. దేవుడు మన నోటికిచ్చిన మాటను మనమే కాపాడుకొందుము గాక. ఆమేన్.