పొంగని రాయికి పేరిచ్చిన మనిషి

సున్నపురాయి మీద సజల ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. మన పిల్లలు బడిలో ఈ ప్రయోగం చూసే ఉంటారు. చూడటానికి అలాగే ఉండి, వెంటనే పొంగని రాయి ఒకటుంది. అదే డోలమైట్. ఆ పేరు ఫ్రెంచి భూవిజ్ఞాని డియోడా ద డోలోమ్యూది.

ఆయన 1750 జూన్ 23న ఫ్రాన్స్‌లోని డోలోమ్యూ గ్రామంలో పుట్టారు. పసితనంలోనే పెద్దలు మాల్టా యోధుల సంఘంలో చేర్చారు. 18వ ఏట ద్వంద్వయుద్ధంలో తోటి యోధుణ్ని చంపి జైలుకెళ్లారు. విడుదలయ్యాక క్రమంగా రాళ్లు, అగ్నిపర్వతాలు, భూకంపాల అధ్యయనానికే జీవితం అంకితం చేశారు. 1789లో ఆల్ప్స్ పర్వతాల్లో ఈ వింత రాయిని గమనించి, 1791లో ఆ సంగతి ప్రకటించారు. మరుసటి ఏడు సొస్యూర్ అనే యువశాస్త్రవేత్త దాన్ని విశ్లేషించి, డోలోమ్యూ పేరే పెట్టారు.

ఈ రాయిలో కాల్షియంతో పాటు మెగ్నీషియం కార్బొనేట్ ఉంటుంది. అందుకే ఆమ్లానికి అంత త్వరగా లొంగదు. అలాగని చెక్కుచెదరదని కాదు. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీన ఆమ్లమవుతుంది. పగుళ్లలోకి ఇంకి, వేల ఏళ్లు రాయిని కరిగిస్తుంది. అలా గుహలు ఏర్పడతాయి, భూగర్భజలం కఠిన జలంగా మారుతుంది. ఆ నీటిలో కాల్షియం ఎక్కువైతే మెగ్నీషియం బయటికి పోయి, డోలమైట్ కాస్తా కాల్సైట్‌గా మారవచ్చు. రాతిలో కొద్దిపాటి ఇనుముంటే అది తుప్పుపట్టి పైపొర గోధుమరంగుకు తిరుగుతుంది. కడప జిల్లా వేంపల్లె డోలమైట్ వంద కోట్ల ఏళ్లకు పైబడినది. కర్ణాటకలోని బాగల్‌కోట్‌లో, ఒడిశాలోని సుందర్‌గఢ్‌లో కూడా ఈ రాయి దొరుకుతుంది.

నెపోలియన్ దండుతో ఈజిప్టు వెళ్లిన డోలోమ్యూ 1799లో తిరిగొస్తూ ఇటలీ తీరంలో పట్టుబడ్డారు. మెస్సీనా జైల్లో ఒంటరిగా ఉంచారు. కాగితం లేదు, కలం లేదు. దీపపు మసిని సిరాగా చేసుకుని, చెక్కపుల్లతో బైబిల్ అంచుల్లోని ఖాళీల్లో ఖనిజశాస్త్రం రాసుకున్నారు. 1801 మార్చిలో విడుదలై, ఆ వేసవిలో మళ్లీ ఆల్ప్స్ కొండలెక్కారు. నవంబరు 28న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51.

ఇటలీలోని ఆ కొండలను నేడు డోలమైట్స్ అంటున్నాం. బడిలో డోలమైట్ ముక్క ఉంటే, టీచర్ల సమక్షంలో దాన్ని పొడిచేసి అదే ఆమ్లం వేయించండి. గట్టి రాయిగా ఉన్నప్పుడు పొంగనిది, పొడిగా మారాక పొంగుతుంది. ఎందుకో పిల్లలనే ఆలోచించనిద్దాం.