సంగారెడ్డి బడి నుంచి సిటీ కాలేజీ దాకా: మఖ్దూం మొహియుద్దీన్ ఎవరో పిల్లలకు చెప్పండి

ప్రతి ఏటా సెప్టెంబర్ 5 వస్తే జిల్లాలో మంచి టీచర్లను స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పుతారు. నవంబర్ 11న మౌలానా ఆజాద్ జయంతి. ఆ రోజు ఉర్దూ టీచర్లకు, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు సన్మానాలు జరుగుతాయి. బడిలో చదివి పైకొచ్చినవాళ్లు ఒక వరుస, చదువు చెప్పినవాళ్లు ఇంకో వరుస. ఈ రెండు వరుసల్లోనూ కూర్చోబెట్టాల్సిన మనిషి ఒకరు సంగారెడ్డి జిల్లాకు ఉన్నారు. ఆయనే మఖ్దూం మొహియుద్దీన్.

హైదరాబాద్‌లో ఆయన పేరు అందరికీ తెలుసు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది. హిమాయత్‌నగర్‌లో సీపీఐ ఆఫీసు పేరే మఖ్దూం భవన్. ఉర్దూ అకాడమీ ఆయన పేరుతో అవార్డు కూడా పెట్టింది. కానీ ఆయన పుట్టింది అందోల్‌లో అని, మెట్రిక్ పాసైంది సంగారెడ్డిలో అని ఈ జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

యతీమ్‌గా మొదలైన బతుకు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న పుట్టారు. అప్పుడు అందోల్ నిజాం రాజ్యంలోని మెదక్ జిల్లాలో ఉండేది. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. తండ్రి పేరు గౌస్ మొహియుద్దీన్. పిల్లాడికి ఐదారేళ్లు ఉన్నప్పుడే ఆయన చనిపోయారు. తర్వాత తల్లికి మళ్లీ నిఖా అయింది. మఖ్దూంను తండ్రి తమ్ముడు బషీరుద్దీన్ తన ఇంట్లో పెట్టుకుని పెంచారు.

అది దీన్‌దారీ ఉన్న ఇల్లు. ఖురాన్ చదువు ఇంట్లోనే మొదలైంది. మసీదు ఊడవడం, వజూకు నీళ్లు నింపడం పిల్లాడి పనులు. అదే ఇంట్లో ఇంకో చదువు కూడా జరిగింది. రష్యాలో విప్లవం వచ్చినప్పుడు మఖ్దూంకు తొమ్మిదేళ్లు. దూరదేశంలో రాజును దించేశారని, అక్కడ ఇప్పుడు పెద్దా చిన్నా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారని చాచా ఇంట్లోవాళ్లకు చెప్పారట. తండ్రి లేని పిల్లాడి మనసులో ఆ దస్తర్‌ఖాన్ ముద్ర పడిపోయింది. తర్వాత ఆయన రాసినా, జైలుకు పోయినా, అసెంబ్లీలో మాట్లాడినా వెనకాల ఉన్నది ఆ బొమ్మే.

జిల్లా బడి తెరిచిన దారి

నిజాం కాలంలో మెదక్ జిల్లాకు హెడ్‌క్వార్టర్ సంగారెడ్డి. కచేరీలు, కోర్టు, హైస్కూల్ అన్నీ అక్కడే. మెట్రిక్ దాకా చదవాలంటే ఊళ్ల పిల్లలు అక్కడికి రావాల్సిందే. మఖ్దూం 1929లో సంగారెడ్డి నుంచే మెట్రిక్ పాసయ్యారు. ఆ రోజుల్లో అందోల్ లాంటి చోట పుట్టిన యతీమ్ పిల్లాడికి మెట్రిక్ సర్టిఫికెట్ అంటే చిన్న మాట కాదు. చిన్నదో పెద్దదో సర్కారు నౌకరీ దొరికే అర్హత అది. అక్కడితో ఆగిపోయినా ఇంట్లోవాళ్లు సంతోషపడేవాళ్లే.

ఆయన ఆగలేదు. హైదరాబాద్ వెళ్లి ఉస్మానియాలో చేరారు. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీలో పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్లు. ఉర్దూలో మెట్రిక్ చేసిన జిల్లా పిల్లాడు భాష మార్చుకోకుండానే డిగ్రీ దాకా పోవచ్చు. ఇంగ్లిష్ రాదన్న భయంతో చదువు మానేయాల్సిన పని లేదు. అయితే ఇదే ఏర్పాటు తెలుగు ఇళ్ల పిల్లలకు కష్టమైంది. వాళ్లు తమ ఇంటి భాష వదిలి ఉర్దూలో చదవాల్సి వచ్చేది. ఒకరికి తెరిచిన తలుపు ఇంకొకరికి బరువుగా ఉండేదన్న మాట.

సీటు దొరికింది గానీ చేతిలో పైసల్లేవు. ట్యూషన్లు చెప్పారు, చిల్లర పనులు చేశారు, సినిమా నటుల ఫొటోలు అమ్మారు. తల దాచుకోవడానికి గది లేక కొన్నాళ్లు మసీదులోనే పడుకున్నారు. అలా నెట్టుకొస్తూనే 1934లో బీఏ, 1936లో ఉర్దూలో ఎంఏ పూర్తి చేశారు.

షాయరీ మొదలైంది కూడా ఈ కాలంలోనే. 1933లో రాసిన పీలా దుశాలా హాస్యంగా సాగే నజ్మ్. స్టూడెంట్ల మధ్య అది ఆయనకు పేరు తెచ్చింది. తర్వాత బెర్నార్డ్ షా నాటకం ఒకటి తీసుకుని హోష్ కే నాఖున్ అని ఉర్దూలో రాశారు. మురికివాడల ఇళ్ల కిరాయిల మీద బతికే పెద్దమనుషుల కథ అది. హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ నాటకం చూసి మెచ్చుకున్నారు. శాంతినికేతన్ రమ్మని కూడా పిలిచారు. ఠాగూర్ కవిత్వం మీద మఖ్దూం ఉర్దూలో ఒక పుస్తకం రాశారు.

ఉస్తాద్, వదిలేసిన నౌకరీ

ఎంఏ అయ్యాక కొన్నాళ్లకు సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ఉన్న ఆ కాలేజీ ఇప్పటికీ సర్కారు కాలేజీగానే నడుస్తోంది. మఖ్దూం అక్కడ ఉర్దూ సాహిత్యం చెప్పేవారు. పాఠం, షాయరీ, దేశంలో ఏం జరుగుతోందన్న ముచ్చట, మూడూ ఆయన దగ్గర కలిసే ఉండేవి. అభ్యుదయ రచయితల సంఘాన్ని హైదరాబాద్‌లో నిలబెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టినవాళ్లలోనూ ఉన్నారు.

1940ల మొదట్లో ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. మసీదులో పడుకుని చదువుకున్న మనిషి అతికష్టం మీద సంపాదించుకున్న నౌకరీ అది. నెలనెలా జీతం వస్తుంది, ఇజ్జత్ ఉంటుంది. పెళ్లాం పిల్లలున్న ఇంట్లో దాన్ని కాదనుకోవడం ఎంత బరువైన పనో మధ్యతరగతి కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. సర్కారు నౌకరీ చేస్తూ కూలీల సంఘం నడపడం కుదరదు. రెండింట్లో ఆయన కూలీల వైపు పోయారు.

సిగరెట్ ఫ్యాక్టరీ, బట్టల మిల్లు, రైల్వే, ఆల్విన్, షాబాద్ సిమెంట్... అప్పటి హైదరాబాద్ రాజ్యంలో యంత్రం తిరిగిన చోటల్లా యూనియన్లు కట్టడానికి మఖ్దూం తిరిగారు. ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు నాయకుడయ్యారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలు ఆయన కాలం తర్వాత లేచినవి. షిఫ్టు డ్యూటీ గంటలు, ఓవర్‌టైమ్, ప్రమాదం జరిగితే పరిహారం, ఇలా ఈరోజు అక్కడి కార్మికులు అడిగేవి అప్పుడు ఆయన అడిగినవాటికి పెద్ద తేడాగా ఉండవు. క్లాసులో చదువు చెప్పిన ఉస్తాద్ గేటు ముందు హక్కుల పాఠం చెప్పారు.

నిజాంకు ఎదురు నిలిచిన ముస్లిం

1947 సెప్టెంబర్ 11న నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. ఆ పిలుపు ఇచ్చింది ముగ్గురు: రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్.

ఆ రోజుల గురించి ముస్లిం ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. రజాకార్ల దౌర్జన్యం ఒకవైపు, 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అమాయక కుటుంబాలు పడ్డ బాధ ఇంకోవైపు. ఆ కాలపు లెక్క తీసేవాళ్లు చాలాసార్లు ముస్లింలందరినీ నిజాం వైపు కలిపి రాసేస్తారు. మఖ్దూం పేరు ఒక్కటి చాలు, ఆ లెక్క తప్పని చెప్పడానికి. ఆయనకు ఇది మతాల కొట్లాట కాదు. దొర ఒకవైపు, రైతు ఒకవైపు. పాడుబడిన జాగీర్దారీని హవేలీ నజ్మ్‌లో చూపించారు. తెలంగాణ పల్లె ఆడమనిషి మీద తెలంగన్ అని ఉర్దూలో రాశారు. తెలుగు మాట్లాడే పేదింటి ఆడమనిషి ఉర్దూ షాయరీలో గౌరవంగా నిలబడింది.

కొన్నేళ్లు అజ్ఞాతంలో తిరిగి 1951లో పట్టుబడ్డారు, జైలుకు వెళ్లారు. 1952లో హుజూర్‌నగర్ నుంచి హైదరాబాద్ అసెంబ్లీకి గెలిచారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసన మండలిలో సభ్యుడిగా ఉన్నారు. తుపాకీ పిలుపు ఇచ్చిన మనిషే చట్టసభలో కూర్చుని వాదించారు.

పాట ఆగలేదు

మఖ్దూం పుస్తకాలు ఎక్కువ లేవు. సుర్ఖ్ సవేరా 1944లో, గులే తర్ 1961లో, అన్నీ కలిపిన బిసాతె రఖ్స్ 1966లో వచ్చాయి. 1969 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అవార్డు ఈ చివరి పుస్తకానికే. ఆఫ్రికా నాయకుడు పాట్రిస్ లుముంబాను చంపినప్పుడు, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపినప్పుడు అందోల్ బిడ్డ ఉర్దూలో వాళ్ల కోసం రాశాడు.

సినిమాల్లో ఆయన మాటలు విన్నవాళ్లు చాలామందికి రాసింది ఎవరో తెలియదు. ఉస్‌నే కహా థా, చా చా చా సినిమాల్లో ఆయన పాటలున్నాయి. చనిపోయాక కూడా వచ్చాయి. పొట్ట కోసం ఊరు వదిలి బొంబాయిలో టాక్సీ నడిపే మనిషి కథ గమన్, 1978లో వచ్చింది. హైదరాబాద్ పేద అమ్మాయిలను గల్ఫ్ పెళ్లిళ్ల పేరుతో అమ్మేయడం మీద తీసిన బాజార్ 1982లో వచ్చింది. రెండింట్లోనూ మఖ్దూం గజళ్లు పెట్టుకున్నారు.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 61. హైదరాబాద్ తీసుకొచ్చి నాంపల్లి వైపు షా ఖామోష్ దర్గా ఖబ్రస్తాన్‌లో దఫన్ చేశారు.

ఆగస్టు 25 వర్ధంతికి, సెప్టెంబర్ 5 టీచర్స్ డేకు మధ్య పదకొండు రోజులే. ఈ మధ్యలో జిల్లాలోని ఏ బడిలో అయినా ఒక పీరియడ్ మఖ్దూంకు ఇవ్వొచ్చు. ఖర్చు లేదు, స్టేజీ అక్కర్లేదు. తండ్రి లేడని, పైసల్లేవని, ఉర్దూ మీడియం అని, సర్కారు బడి అని తల దించుకునే పిల్లలు క్లాసులో ఎప్పుడూ ఉంటారు. వాళ్లకు ముందుగా తెలియాల్సింది ఈ ఒక్క సంగతి: ఇవన్నీ మఖ్దూంకు కూడా ఉన్నాయి, బడి కూడా ఈ జిల్లాదే.